1966 మస్టాంగ్‌లో ‘రేర్ ఫ్యాక్టరీ ఇంటీరియర్’ అంటూ 5 వేల డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. డల్లాస్ దగ్గర ఒక 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే (రెండు డోర్ల కారు) అమ్మకానికి ఉంది. ముందు రెండు విడి సీట్ల బదులు పొడవాటి బెంచ్ సీటు, స్టీరింగ్ కాలమ్ మీద ర్యాలీ-ప్యాక్ మీటర్లు, డోర్లకీ డ్యాష్‌కీ ‘పోనీ ఇంటీరియర్’ అనే లగ్జరీ రకం సామాను ఉన్నాయి. మూడూ ఫ్యాక్టరీలో వేసినవేననీ, మూడూ కలిసి ఉన్న కారు ఇంకెక్కడా దొరకదనీ చెప్పి, మామూలు కూపే రేటు మీద 5 వేల డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు.

ఇంకెక్కడా దొరకదన్న మాట మాత్రం నిజమే. ఎందుకంటే ఫోర్డ్ అలాంటి కారు తయారు చేయలేదు. బెంచ్ సీటు ఫ్యాక్టరీదే అయ్యుండొచ్చు, పోనీ ఇంటీరియరూ ఫ్యాక్టరీదే అయ్యుండొచ్చు, కానీ 1966లో ఈ రెండూ ఒకే కారులో ఫ్యాక్టరీ నుంచి రావు. వాటిలో ఒకటి తర్వాత ఎవరో బిగించినదే. ఏది అన్నది డ్రైవర్ డోర్ మీద ఉన్న చిన్న ప్లేట్ చూస్తే తేలిపోతుంది.

ఆ ప్లేట్ మీద ‘బాడీ’ అనే గడి ఉంటుంది. 1965, 66 కూపేలకు అందులో మూడే కోడ్లు. మామూలు బకెట్ సీట్ల (రెండు విడి సీట్ల) కారుకి 65ఏ, లగ్జరీ ఇంటీరియర్‌కి 65బి, బెంచ్ సీటుకి 65సి. పోనీ ఇంటీరియర్ అని మనం పిలిచేది ఆ లగ్జరీనే. కన్వర్టిబుల్‌కి ఇదే వరసలో 76ఏ, 76బి, 76సి ఉన్నాయి. ఫాస్ట్‌బ్యాక్‌కి (కప్పు వెనక దాకా ఏటవాలుగా దిగే రకానికి) 63ఏ, 63బి అంతే, అంటే ఆ రెండేళ్లలో ఫాస్ట్‌బ్యాక్‌లో బెంచ్ సీటు లేనే లేదు. లగ్జరీ బెంచ్ అనే కోడ్ కూడా అప్పట్లో లేదు. పక్కనే ‘ట్రిమ్’ గడిలో సీట్ల రకం, రంగు చెప్పే చిన్న కోడ్ ఉంటుంది. నల్ల వినైల్ అనుకుంటే, మామూలు బకెట్ సీట్లకు 26, బెంచ్‌కి 36, పోనీకి 66. బాడీ కోడ్, ట్రిమ్ కోడ్ రెండూ ఒకే మాట చెప్పాలి. ఒకటి బెంచ్ అని, ఇంకొకటి లగ్జరీ అని ఉంటే ఆ ప్లేట్‌నే అనుమానించాలి.

ప్లేట్ డోర్‌కి బిగించి ఉంటుంది కాబట్టి, డోర్ మారిస్తే ప్లేట్ కూడా దాంతోనే పోతుంది. కొత్త ప్లేట్లు అచ్చేసి ఇచ్చే వాళ్లూ ఉన్నారు, అడిగిన కోడ్ కొట్టిస్తారు. అందుకని ప్లేట్ మీది సీరియల్ నంబరు, ఇంజన్ పక్కన లోపలి ఫెండర్ (మడ్‌గార్డ్) రేకు మీద ముద్ర కొట్టిన నంబరు ఒకటేనా కాదా చూడండి. రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయేమో, చుట్టూ పెయింట్ గీరుకుపోయిందేమో కూడా గమనించండి. కేవలం ఆ సీరియల్ నంబరు చూపించి ‘చూడండి, బెంచ్ కారే’ అంటే నమ్మొద్దు. అందులో 07 అంటే కూపే అని తెలుస్తుంది తప్ప లోపల ఏ సీటు వేశారో ఉండదు.

ర్యాలీ-ప్యాక్ సంగతి వేరు. స్టీరింగ్ కాలమ్‌కి ఒకవైపు టాకోమీటర్ (ఇంజన్ వేగం చూపే మీటర్), ఇంకోవైపు గడియారం, చూడటానికి చాలా బాగుంటుంది. కానీ దాన్ని ఫ్యాక్టరీలోనూ వేశారు, డీలర్ల పార్ట్స్ కౌంటర్‌లోనూ అమ్మారు. డోర్ ప్లేట్ మీద దాని ఊసే ఉండదు. అచ్చం అలాంటి కొత్తవి ఇవాళ కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. 1966 కార్లన్నిటికీ అయిదు గుండ్రటి మీటర్ల క్లస్టర్ ఉంటుంది. 1965 మామూలు కార్లలో ఫోర్డ్ వాళ్ల ఇంకో కారు ఫాల్కన్ నుంచి తెచ్చిన అడ్డ స్పీడోమీటర్ ఉండేది. ఆ తేడా వల్ల ర్యాలీ-ప్యాక్ కూడా రెండు ఆకారాల్లో వచ్చింది. 66లో ఎత్తు తక్కువది ఉండాలి. ఎత్తుగా లేచి, మీటర్లకు అడ్డం వస్తుంటే వేరే కారుది తెచ్చి తగిలించారన్నమాట. సరైన ఆకారమే ఉన్నా, అది ఫ్యాక్టరీలో వేసిందని మీరూ నిరూపించలేరు, అమ్మేవాడూ నిరూపించలేడు. కాబట్టి దానికి వస్తువు విలువ కట్టండి, చరిత్ర విలువ కట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, డబ్బు. 1966లో ఫోర్డ్ 4,99,751 మస్టాంగ్ కూపేలు చేసింది. అందులో 55,938 లగ్జరీవి, 21,397 బెంచ్ సీటువి. బెంచ్ కన్వర్టిబుల్స్ అయితే 3,190 మాత్రమే. అంటే నూటికి నాలుగు కూపేల్లోనే బెంచ్ ఉంది, పోనీ ఇంటీరియర్ నూటికి పదకొండింటిలో ఉంది. లెక్క ప్రకారం బెంచ్‌కే ఎక్కువ రేటు రావాలి కదా? రాదు. పోనీ ఇంటీరియర్ అంటే కొనేవాళ్లు ఎగబడతారు, దానికి రేటు పెరుగుతుంది. బెంచ్ చూసి చాలామంది బకెట్ సీట్లు ఎంతకి దొరుకుతాయో వెతుక్కుంటారు. 1966లో జనం బెంచ్ ఎందుకు కొనలేదో ఇవాళ కూడా అందుకే కొనరు. స్పోర్టీ కారు కొని, అందులో మా తాతగారి సెడాన్‌లాగా ముగ్గురు వరసగా కూర్చోవడం ఏమిటని.

అమెరికన్ పాత కార్ల ఇంటీరియర్ ఆప్షన్లలో తక్కువగా దొరికేవాటిలో చాలావాటి కథ ఇదే. కంపెనీ గొప్పగా అనుకుంది, జనం పట్టించుకోలేదు, అందుకే తక్కువ మిగిలాయి. అలాంటివాటిలో కొన్ని తర్వాత బంగారం అయ్యాయి, కొన్ని కాలేదు. రెండు రకాలూ చెప్తాను, మీకు తేడా తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్రైస్లర్ వాళ్ల ఖరీదైన కారు ఇంపీరియల్‌లో వచ్చిన ‘మొబైల్ డైరెక్టర్’. 1967, 68 సంవత్సరాల్లో ఇంపీరియల్ క్రౌన్ కూపేకి ఇచ్చారు. ముందు ప్యాసింజర్ సీటు మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. వెనక సీటులో కూర్చున్న మనిషికి ఎదురుగా మొహం పెట్టి కూర్చోవచ్చు. ఇద్దరి మధ్య ఒక చిన్న బల్ల, చదువుకోవడానికి గట్టి వెలుతురు వచ్చే దీపం. బాసు వెనక కూర్చుని డిక్టేషన్ ఇస్తుంటే సెక్రటరీ ఎదురుగా కూర్చుని రాసుకుంటుందని కంపెనీ ఊహ. 1966లో చూపించిన షో కారులోనైతే ఫోను, టైప్‌రైటర్ కూడా పెట్టారు. అమ్మకానికి వచ్చేసరికి బల్ల, దీపం, తిరిగే సీటు మిగిలాయి. 1967లో దాని ధర 597.40 డాలర్లు. అదే కాలంలో మీరు చూస్తున్న 66 మస్టాంగ్ కూపే బేస్ ధర 2,416 డాలర్లు. అంటే ఒక్క సీటు తిరగడానికి మస్టాంగ్‌లో నాలుగో వంతు! ఎవరూ కొనకపోయేసరికి 1968లో 317.60కి తగ్గించారు. అయినా లాభం లేకపోయింది. రెండేళ్లలో కలిపి 81 కార్లకే వేశారు. ఇంకో చిక్కు, ఇచ్చింది రెండు డోర్ల కారుకి. డ్రైవర్‌ని పెట్టుకుని వెనక కూర్చునే స్తోమత ఉన్న బాసు, ముందు సీటు పక్కనుంచి ఒంగి దూరి వెనక్కి వెళ్లాలి. దాన్ని ఎవరు ఆలోచించి ఉంటారో గానీ, ఇవాళ బల్ల, దీపంతో సహా పూర్తిగా ఉన్న మొబైల్ డైరెక్టర్ కనిపిస్తే ఇంపీరియల్ అభిమానులు ఎక్కడినుంచైనా వస్తారు. బల్ల పోయి సీటు మాత్రమే మిగిలితే కథ సగమే. అలాంటి కారు చూస్తే ముందు బల్ల ఎక్కడుందో అడగండి.

రెండోది 1956లో అదే కంపెనీ తెచ్చిన ‘హైవే హై-ఫై’. కారులో గ్రామఫోను! సీబీఎస్ లేబొరేటరీస్‌లో పీటర్ గోల్డ్‌మార్క్ తయారు చేశాడు. ఎల్‌పీ రికార్డు వెనక ఉన్న పెద్దమనిషి ఆయనే. డ్యాష్ కింద ఒక పెట్టె, దాన్ని లాగితే పళ్లెం బయటికి వస్తుంది. ఏడంగుళాల రికార్డు నిమిషానికి 16⅔ చుట్లు తిరుగుతుంది, అంటే ఎల్‌పీ వేగంలో సగం. రికార్డు మీది గాడులు చాలా సన్నం కాబట్టి ఒక్కో వైపు 45 నిమిషాల పాట వచ్చేది. క్రైస్లర్, డిసోటో, డాడ్జ్, ప్లిమత్ నాలుగింటికీ ఇచ్చారు, ధర 200 డాలర్ల దాకా. గోతుల్లో సూది ఎగరకుండా బాగానే చేశారు. కానీ ఇంట్లో ఉన్న రికార్డులేవీ అందులో పనికిరావు. ఆ కొలతలో రికార్డులు కొలంబియా అనే రికార్డు కంపెనీ ఒక్కటే వేసింది, వేసినవీ కొన్నే. నచ్చిన పాట లేని పెట్టెకి 200 ఎవరు పెడతారు? 1960లో మామూలు 45 ఆర్‌పీఎం రికార్డులు 14 దొంతరగా పెట్టుకునే ఆర్‌సీఏ ప్లేయర్ తెచ్చారు, అదీ రెండేళ్లలో పోయింది. ఇవాళ హైవే హై-ఫై పెట్టె దొరకొచ్చు. దాని బ్రాకెట్, వైరు, రికార్డుల సెట్టు కలిసి దొరకడం కష్టం. విడి పెట్టె కొని మామూలు ప్లిమత్‌కి తగిలించి ‘ఫ్యాక్టరీ’ అనడం చాలా తేలిక, ఆ పని జరుగుతూనే ఉంటుంది.

షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో వేరే రకం ఉంటుంది. అక్కడ ఆప్షన్ చిన్నది, లెక్క మాత్రం పక్కా. 1966లో 27,720 కార్వెట్లు తయారైతే, భుజం మీదుగా వచ్చే సీటుబెల్టు (కోడ్ ఏ85, ధర 26.35 డాలర్లు) 37 మందే తీసుకున్నారు. హెడ్‌రెస్ట్‌లు 1,033 మంది తీసుకున్నారు. 1963లో మొదటిసారి కార్వెట్‌లో ఏసీ పెడితే 21,513 కార్లలో 278కే వేశారు. దాని ధర 421.80. స్పోర్ట్స్ కారులో ఏసీ ఏమిటని అప్పటివాళ్లు అనుకున్నారు. ఇవాళ టెక్సస్ ఎండలో ఆ కారు నడిపే మనిషిని అడగండి, ఆ 278 మందికి దణ్ణం పెడతాడు. కాబట్టి 63 ఏసీ కార్వెట్‌కి రేటు పలుకుతుంది, ఎందుకంటే అది అరుదూ, పనికొచ్చేదీ కూడా.

జనరల్ మోటార్స్ 1974 నుంచి 76 వరకు కొన్ని పెద్ద బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, క్యాడిలాక్ కార్లకు ఎయిర్‌బ్యాగ్ ఆప్షన్‌గా ఇచ్చింది. లక్ష అమ్ముతామనుకుంటే సుమారు 10 వేలే పోయాయి. చరిత్రపరంగా దీనికి విలువ కట్టలేం. మార్కెట్లో మాత్రం ఆ కార్లంటే గుండెదడ కలిగేవాళ్లు తక్కువ. ఎప్పుడైనా అలాంటి కారు చేతికి వస్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: స్టీరింగ్ వీల్ వైరింగ్‌లో మల్టీమీటర్ పెట్టి గెలకొద్దు. యాభై ఏళ్ల పాత పేలుడు సామాను అది.

బట్టల డిజైన్ ఉన్నవి కొన్ని చెప్పి ముందుకు పోతాను. ప్లిమత్ 1969లో ‘మోడ్ టాప్’ అని పైకప్పుకీ సీట్లకీ పువ్వుల వినైల్ వేసింది, చూస్తే కిచెన్ టేబుల్ మీద పరిచే గుడ్డలాగే ఉంటుంది. ఏఎంసీ (అమెరికన్ మోటార్స్) వాళ్లు గూచీ, పియరీ కార్డిన్, లీవైస్ పేర్లతో సీట్లు వేశారు. వాళ్ల చిన్న కారు గ్రెమ్లిన్‌లో వచ్చిన లీవైస్ సీట్లు జీన్స్‌లా ఉంటాయి గానీ జీన్స్ కాదు, నైలాన్. నిజం డెనిమ్ అగ్ని భద్రత నియమాలకు నిలవదు కాబట్టి అలా నేశారు. రాగి బొత్తాలు మాత్రం పెట్టారు. ఇలాంటి కార్లలో ఒరిజినల్ గుడ్డ చిరగకుండా ఉంటే దాన్ని తీసి కొత్తది వేయించొద్దు. రంగు వెలిసినా సరే. ఆ గుడ్డే ఆ కారు. 1971లో డాడ్జ్, ప్లిమత్ కార్లకు క్యాసెట్ రికార్డర్‌తోపాటు మైక్రోఫోన్ ఇచ్చారు, కారు నడుపుతూ మాట్లాడి రికార్డు చేసుకోవచ్చు. ఆ మైక్ ఉన్న కారు నేను షోల్లో ఎప్పుడు చూసినా, దాని చుట్టూ గుంపు కనిపిస్తుంది.

మిషిగన్‌లో ఉంటూ సీట్లు తయారుచేసే సప్లయర్ దగ్గర పని చేశాను కాబట్టి నాకు కొంచెం పిచ్చి ఎక్కువే అనుకోండి. మా ఇంట్లో వాళ్లు కూడా అదే అంటారు.

మస్టాంగ్ కాకుండా ఇంకేదైనా చూస్తుంటే కాగితాల విషయం ముందే తెలుసుకోండి, ఒక్కో కంపెనీకి ఒక్కో దారి. ఫోర్డ్‌లో 1967 నుంచి పూర్తి ప్రొడక్షన్ రికార్డులు మిగిలాయి, వాటినుంచి మార్టీ రిపోర్ట్ తీసుకోవచ్చు. అందులో ఏ ఆప్షన్ వేశారో, ఆ కాంబినేషన్‌లో ఎన్ని కార్లు వచ్చాయో ఉంటుంది. 65, 66 మస్టాంగ్‌లకు అలాంటిది లేదు. మీ కారుకి కాబట్టి డోర్ ప్లేటే పెద్ద సాక్ష్యం. ఎవరైనా 66కి మార్టీ రిపోర్ట్ ఉందని చూపిస్తే నవ్వి వచ్చేయండి. పాంటియాక్‌కి పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్లు అసలు ఇన్‌వాయిస్ నకలు ఇస్తారు. డాడ్జ్, ప్లిమత్ కార్లలో ఇంజన్ గదిలో ఫెండర్ మీద బిగించిన ట్యాగ్, సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుపోయిన బ్రాడ్‌కాస్ట్ షీటు (ఆ కారుకి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసుకున్న కాగితం) వెతకాలి. 1967 నుంచి కార్వెట్‌లో పెట్రోలు ట్యాంకు మీద ఒక స్టిక్కర్ అతికించారు, ఆప్షన్లన్నీ అందులో ఉంటాయి. షెవర్లే వాళ్ల షెవెల్, కమారో అయితే అలాంటిదే బిల్డ్ షీటు దొరకాలి, లేదా కెనడాలో అమ్మినదైతే జనరల్ మోటార్స్ కెనడా శాఖ దగ్గర రికార్డు దొరుకుతుంది. కిటికీకి అంటించే ధరల కాగితం చూపిస్తే మాత్రం జాగ్రత్త. ఆ కాగితం తప్పనిసరి చేసిన చట్టం 1958లో వచ్చింది, కానీ అచ్చం పాతదానిలా కనిపించే కొత్త కాగితం ఇవాళ ఆన్‌లైన్‌లో ఎవరైనా చేయించుకోవచ్చు. కాగితం పాతబడి, మడతల దగ్గర నలిగి ఉంటే కొంచెం నమ్మొచ్చు. తెల్లగా మెరుస్తుంటే అలంకారానికి అనుకోండి.

కాగితం లేనప్పుడు కారునే అడగాలి. ఫ్యాక్టరీ వైరింగ్ ఒకే కట్టగా పోతుంది, అదనంగా వేసిన తీగ టేపు చుట్టి, ఫ్యూజ్ పెట్టె నుంచి వేరుగా లాగి కనిపిస్తుంది. స్క్రూ రంధ్రాల అంచులు నున్నగా ఉన్నాయా, చేతి డ్రిల్లుతో చేసినట్టు గరుకుగా ఉన్నాయా చూడండి. ఫోర్డ్ పార్టుల మీద సి6జెడ్ లాంటి ముందక్షరాలు ఉంటాయి. సి అంటే 1960లు, 6 అంటే 1966, జెడ్ అంటే మస్టాంగ్‌కి చేసినది. సి5 అని ఉన్నంత మాత్రాన కంగారుపడొద్దు, 65లో గీసిన పార్టు 66లోనూ అలాగే వాడారు. సి7 ఉంటే మాత్రం 66 కారులో అది ఫ్యాక్టరీలో వేసింది కాదేమోనని అనుమానించాలి. ఇంకా పార్టు మీద తయారీ తేదీ ఉంటే అది కారు తేదీకి ముందుండాలి, తర్వాత ఉండకూడదు.

మీ కారు విషయంలో నేనైతే ఏం చేస్తానంటే, ముందు అమ్మేవాడిని నాలుగు ఫోటోలు అడుగుతాను: డోర్ ప్లేట్, ఫెండర్ రేకు మీద నంబరు, బెంచ్ సీటు కింద నేల (కార్పెట్ ఎత్తి), ర్యాలీ-ప్యాక్ వెనక వైర్లు. ప్లేట్ మీద 65సి ఉండి, ట్రిమ్ కోడ్ కూడా బెంచ్‌దే అయితే బెంచ్ నిజం, పోనీ సామాను తర్వాత వేసింది. అప్పుడు మామూలు డోర్ ప్యానెళ్లు ఎక్కడైనా దాచాడేమో అడగండి, ఉంటే దానికి విలువ ఉంది. 65బి అయితే పోనీ నిజం. బెంచ్ తీసేసి బకెట్ సీట్లు పెట్టాలి, వాటి ఖర్చు రేటులోంచి తగ్గించమనండి. 65ఏ వస్తే రెండూ అతికినవే, మామూలు కూపే రేటు మీద నయాపైసా ఎక్కువ ఇవ్వొద్దు. ఏదైనా సరే, 5 వేలు మాత్రం కాదు. నిజమైన 65సికి, బాడీ బాగుండి తుప్పు లేకపోతే, నేనైతే ఏ కొంచెమో ఎక్కువ ఇస్తాను, అదీ నాకు బెంచ్ ఇష్టం కాబట్టి. మీకు ముందు ముగ్గురు కూర్చోవడం ముచ్చటగా అనిపిస్తే తీసుకోండి, రేపు అమ్మేటప్పుడు లాభం వస్తుందని తీసుకోకండి. అసలు మస్టాంగ్‌లో డబ్బు తినేది సీట్లు కాదు, కౌల్ (ముందు అద్దం కింద ఉండే రేకు భాగం) కింద కారే నీళ్లు. కార్పెట్ ఎత్తినప్పుడు నేల తడిగా, ఎర్రగా ఉంటే సీటు గురించి బేరమే ఆపేయండి.

ప్లేట్ ఫోటో వచ్చాక సీరియల్ నంబరు చివరి అంకెలు చెరిపేసి పెట్టండి. బాడీ, ట్రిమ్, తేదీ మూడూ చదివి చెప్తాను.